గీత దాటిన బంతి



ఆటలో ఓటమిని మరచిపోవచ్చు, అన్యాయాన్ని మరవలేము. 2024 జూన్ 11న దోహాలో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ అర్హత పోటీ జరిగింది. ఖతార్‌పై మన జట్టు ఒక గోలు ముందంజలో ఉంది. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటకు పోయింది. ఖతార్ ఆటగాడు దాన్ని వెనక్కి లాగాడు, మరొకడు గోలు కొట్టాడు. రిఫరీ ఒప్పుకున్నాడు. చివరకు భారత్ 2-1తో ఓడి, పోటీ నుంచే తప్పుకుంది. ఆనాడు అక్కడ వీడియో పరిశీలన లేదు.

మరి వీడియో ఉంటే వివాదం తీరుతుందా? 2010 ప్రపంచ కప్‌లో జర్మనీపై ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గోలుగీత దాటినా లెక్కకు రాలేదు. ఆ దుమారంతో యంత్రాలు కావాలన్న కోరిక బలపడింది. 2014 ప్రపంచ కప్‌లో గోలుగీతకు యంత్రం, 2018లో వీడియో రిఫరీలు వచ్చారు. అయినా 2023 సెప్టెంబరు 30న టోటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు డియాజ్ కొట్టిన సక్రమమైన గోలు రద్దయింది. మైదానంలో గోలు ఇచ్చారనుకుని తెర ముందున్న అధికారి సరేనన్నాడు. పొరపాటు తెలిసేసరికి ఆట మళ్లీ మొదలైంది.

యంత్రం చూపిస్తుంది, తీర్పు చెప్పేది మనిషే. కారణం చెప్పని తీర్పు అభిమానికి పక్షపాతంగానే తోస్తుంది. అందుకే 2023 మహిళల ప్రపంచ కప్‌లో, వీడియో చూశాక రిఫరీలు తమ నిర్ణయాన్ని మైకులో అందరికీ వినిపించారు.

రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న పల్లెలు గల జివతి తాలూకాలో ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. దూరాన కూర్చున్నవారి నిర్ణయం మంచిదే కావచ్చు. ఎందుకో చెప్పినప్పుడే దానిపై నమ్మకం కుదురుతుంది.