మలివయసు కండబలం: మతిమరుపు ఉన్నవారిని పక్కన పెట్టిన చరిత్ర

వృద్ధుల కండబల వ్యాయామం గురించి ఈమధ్య వస్తున్న రచనలు ఇంచుమించు ఒకే కథ చెబుతాయి. 1990లో బోస్టన్‌లో ఒక వైద్యురాలు తొంభై ఏళ్లవారి చేత బరువులు ఎత్తించింది, అప్పటినుంచి వైద్యలోకం కళ్లు తెరిచింది అని. అందులో అబద్ధం లేదు. అయితే నడక కుంటుపడటంతోపాటు జ్ఞాపకమూ సన్నగిల్లినవారు ఆ కథలో కనిపించరు. వారి విషయంలో చరిత్ర రెండడుగులు ముందుకు వేసి ఒకడుగు వెనక్కి తగ్గింది. ఇప్పటికీ తడబడుతూనే ఉంది.

పాత సంగతులు క్లుప్తంగా చూద్దాం. వ్యాయామం సగం శక్తి మేరకే చేయమన్న అష్టాంగహృదయం, దాన్ని మానుకోవలసినవారిలో పిల్లలతోపాటు వృద్ధులనూ చేర్చింది. రోమన్ రచయిత సిసిరో మాత్రం ముసలితనంలో మితమైన వ్యాయామం కావాలన్నాడు. మన ప్రాంతంలో కండబలం అనగానే మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు గుర్తుకొస్తారు. కానీ అప్పటి తాలింఖానాలన్నీ పడుచువాళ్లవే. బరువును మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయే పద్ధతిని అమెరికన్ వైద్యుడు థామస్ డిలార్మ్ 1945లో ప్రకటించాడు. అదీ యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల కోసమే. ఆ పద్ధతి 60 దాటినవారికీ బాగా పనిచేస్తుందని గట్టిగా తేలేసరికి 1988 వచ్చింది.

ఆ తర్వాతిదే బోస్టన్ ప్రయోగం. మరియా ఫియాటరోన్ బృందం 86 నుంచి 96 ఏళ్ల మధ్య వయసున్న పదిమందికి ఎనిమిది వారాలు శిక్షణ ఇచ్చింది. వారి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఈ అంకెను అందరూ ఉటంకిస్తారు. శిక్షణ ఆపిన నాలుగు వారాలకే అందులో 32 శాతం బలం పోయిందన్న రెండో అంకెను చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో రెండోదే పెద్ద పాఠం. ఈ వ్యాయామం ఒక విడత వాడి ఆపేసే మందు కాదు. 1994లో అదే బృందం సగటున 87 ఏళ్ల వయసున్న వందమంది వృద్ధాశ్రమవాసులతో పదివారాలు మళ్లీ చేసి చూసింది. బలం 113 శాతం పెరిగింది, మెట్లెక్కే శక్తి 28 శాతం పెరిగింది. వ్యాయామం లేకుండా బలవర్ధక పానీయం ఒక్కటే ఇస్తే ఫలితం రాలేదు.

అసలు వివాదం ఇక్కడ మొదలవుతుంది. ఆ తర్వాతి పరిశోధనల్లో చాలావాటిలో మతిమరుపు ఉన్నవారిని చేర్చుకోలేదు. చెప్పింది అర్థం చేసుకోలేరు, గుర్తుంచుకోలేరు, లెక్క తప్పుతుంది అన్నవి కారణాలు. 2003లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో, జ్ఞాపకలోపం ఉండి పడిపోయి ఆసుపత్రికి వచ్చిన 274 మందిపై ఒక ప్రయోగం జరిగింది. వ్యాయామంతోపాటు మందుల సవరణ, ఇంటి మార్పుల వంటివన్నీ కలిపి చేసినా పడిపోవడాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. ఇలాంటివారికి ఏం చేసినా అంతేనన్న నమ్మకానికి అది ఊతమిచ్చింది.

అదే ఏడు సియాటిల్‌లో లిండా టెరీ బృందం వేరే దారి పట్టింది. 153 మంది అల్జీమర్స్ రోగుల ఇళ్లలో, వారిని చూసుకునే మనిషికే వ్యాయామం చేయించడం నేర్పింది. రోగుల శారీరక స్థితి మెరుగైంది, దిగులు తగ్గింది. ఫిన్లాండులో కైసు పిట్‌కాలా బృందం 2013లో ప్రకటించిన ఫలితాలు నాకు ఇంకా బలమైన సాక్ష్యంగా కనిపిస్తాయి. 210 మంది రోగులు, అందరూ జీవిత భాగస్వామితో ఇంట్లో ఉంటున్నవారే. ఒక వర్గానికి ఫిజియోథెరపిస్టు వారానికి రెండుసార్లు ఇంటికే వచ్చి, గంటసేపు చొప్పున ఏడాదిపాటు చేయించారు. రోజువారీ పనులు చేసుకునే శక్తిని కొలిచే మార్కుల్లో వ్యాయామం లేనివారు 14.4 కోల్పోతే వీరు 7.1 మాత్రమే కోల్పోయారు. పడిపోవడాలూ తగ్గాయి. బయట కేంద్రంలో గుంపుగా చేసినవారికి పనుల విషయంలో అంత స్పష్టమైన లాభం కనబడలేదు. నిన్న ఏం చేశారో చెప్పలేని మనిషికి కూడా అదే చోట, అదే మనిషి ఎదుట, అదే క్రమంలో చేసిన కదలిక ఒంటికి అలవాటవుతుంది. ఇల్లు గెలవడానికి ఇది ఒక కారణమని నా ఊహ. ప్రయోగం దాన్ని నిరూపించలేదు.

2018లో ఇంగ్లండులో మతిమరుపు జబ్బు ఉన్న 494 మందితో జరిగిన డాపా అనే ప్రయోగం ఈ ఆశపై నీళ్లు చల్లినట్టు వార్తలొచ్చాయి. నాలుగు నెలల కఠిన శిక్షణతో ఒంటి దారుఢ్యం పెరిగింది. ఏడాది తర్వాత చూస్తే జ్ఞాపకశక్తి పరీక్షలో వ్యాయామం చేసినవారే కాస్త వెనకబడ్డారు. తేడా చిన్నదే. రోజువారీ పనుల్లోనూ లాభం కనబడలేదన్న సంగతి దాచకూడదు. అయినా నాలుగు నెలల వ్యాయామశాల శిక్షణను ఏడాది పొడవునా ఇంట్లో సాగిన సాధనతో సమానంగా చూడలేం. జ్ఞాపకం తిరిగి రాలేదు కాబట్టి వ్యాయామం దండగ అనడం మరీ తప్పు. మరుగుదొడ్డి నుంచి సాయం లేకుండా లేవగలగడం దానంతట అదే ఒక ఫలితం.

ఇక మన సంగతి. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని అంచనా. వృద్ధుల ఆరోగ్యం కోసం జాతీయ కార్యక్రమం 2010లోనే మొదలైంది. 65 దాటినవారు వారానికి కనీసం రెండు రోజులు కండబలానికి, మూడు రోజులు ఒంటి సమతూకం నిలిపే వ్యాయామాలకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అయినా మన ఇళ్లలో పెద్దవాళ్లకు అందే సలహా ఇప్పటికీ "రోజూ కాస్త నడవండి" అనే. నడక మంచిదే. కుర్చీలోంచి లేపే తొడబలం దానితో చాలినంత రాదు. తుంటి ఎముక విరిగితే కొన్నాళ్లు ఫిజియోథెరపీ చేయించి ఆపేస్తారు. ఆపితే ఏమవుతుందో 1990లోనే తేలింది. ఫోన్లో వీడియో పెట్టి ఎదురుగా కూర్చోబెట్టడం మతిమరుపు ఉన్నవారికి చాలదు. పక్కన మనిషి నిలబడి తానూ చేస్తూ చేయించాలి. ఆ మనిషికి నేర్పే ఏర్పాటు మన ఆరోగ్య వ్యవస్థలో ఎక్కడోగాని లేదు. దీన్ని నేను పెద్ద లోపంగానే భావిస్తాను.

గుండెనొప్పి, అదుపులేని రక్తపోటు, కొత్తగా విరిగిన ఎముక ఉంటే వైద్యుడిని అడగకుండా మొదలుపెట్టకూడదు. అవి లేని పెద్దవారు మీ ఇంట్లో ఉంటే, ఒకసారి ఫిజియోథెరపిస్టును పిలిపించి వారికి తగిన నాలుగు వ్యాయామాలు మీరు నేర్చుకోండి. వారానికి రెండు రోజులు వారితో కలిసి చేయండి. మరచిపోతున్నారని మానేయకండి.