కత్తికన్న పదునైన మశూచి



1519లో హెర్నాన్ కోర్తెస్ సుమారు 500 మంది స్పెయిన్ సైనికులతో మెక్సికో తీరాన దిగాడు. లక్షలాది ప్రజలున్న అజ్టెక్ సామ్రాజ్యం రెండేళ్లలోనే ఎలా కూలిందని మీకు సందేహం కలుగవచ్చు. తుపాకులు, గుర్రాలు, అజ్టెక్‌ల శత్రువులైన త్లష్కలా ప్రజల సాయం, ఇవన్నీ కారణాలే. వీటికి తోడైనది మశూచి. మన పల్లెలలో ‘అమ్మవారు’ అని పిలిచిన వ్యాధి.

1520లో స్పెయిన్ నౌకలతో అది మెక్సికోలో ప్రవేశించింది. ఐరోపావాసులలో పలువురికి బాల్యంలోనే సోకేది. బ్రతికినవారికి రోగనిరోధక శక్తి మిగిలేది. అమెరికా ప్రజలు ఆ వ్యాధిని తరతరాలుగా ఎరుగరు. అందువల్ల పెద్దలు, పిల్లలు ఒకేసారి మంచం పట్టారు. నీళ్లిచ్చి సేవ చేసేవారే కరవయ్యారు. చక్రవర్తి క్విట్లావాక్ కూడా ఆ వ్యాధితోనే మరణించాడు. 1521 ఆగస్టు 13న రాజధాని టెనోచ్‌టిట్లాన్ పతనమైంది. అనంతరం తట్టు వంటి వ్యాధులు, వెట్టిచాకిరి, ఆకలి కలిసి శతాబ్దకాలంలో మూలవాసుల జనాభాలో అత్యధిక భాగాన్ని హరించాయి. అనేక భాషలు, వైద్య విజ్ఞానం వారితోనే అంతరించాయి.

1803లో స్పెయిన్ రాజు టీకాతో వైద్యుడు బాల్మిస్‌ను అమెరికాకు పంపాడు. టీకా ద్రవాన్ని నిలువచేసే మార్గం లేని ఆ రోజులలో 22 మంది అనాథ బాలురను ఓడ ఎక్కించి, ఒకరి చేతి పొక్కు నుండి మరొకరికి దానిని ఎక్కిస్తూ సముద్రం దాటించారు. ఆ పసివారి అనుమతి ఎవరూ అడగలేదు.

1980లో మశూచి నిర్మూలన ప్రకటితమైంది. తట్టు మాత్రం ఇంకా ఉన్నది. మీ బిడ్డకు ఆ టీకా వేయించారా? నేడే చూసుకొనండి.