ఎవరినడిగి వేశారీ రోడ్డు?

2020 మార్చిలో, లాక్‌డౌన్ తప్పదని తేలిపోయిన రోజున, లాప్‌టాపూ రెండు జతల బట్టలూ సర్దుకుని హైదరాబాదు నుంచి మాచవరం వచ్చేశాను. రెండు వారాలనుకున్నది ఏడాదిన్నర అయ్యింది. పొద్దున స్టాండప్ కాల్ మొదలయ్యేలోపు చేసే పనేమీ లేదు. మా నాన్న పాత సైకిలుకి ఇంట్లో పంపుతోనే గాలి కొట్టుకుని ఊరి బయటికి పోయేవాణ్ణి.

ఏప్రిల్లో ఒకరోజు మరీ ముందుకెళ్ళి పిడుగురాళ్ళ దగ్గర అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డెక్కాను. ఆ రోడ్డు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సిమెంటు లారీలు, సున్నం లారీలు, హైదరాబాదు బస్సులు.. సైకిలు మీద అటు పోతానంటే ఇంట్లోవాళ్ళు తాళం దాచేసే రోడ్డు అది. ఆ రోజు మాత్రం కనుచూపు మేరలో ఒక్క బండి లేదు. నాలుగు వరసల రోడ్డు నాకొక్కడికే. మధ్యలో తెల్లగీత మీద ముందు చక్రం పెట్టి, పక్కకి జారకుండా అర కిలోమీటరు తొక్కాను. నలభై దాటినవాడు చేసే పని కాదనుకోండి :) ముందు చెక్‌పోస్టు దగ్గర ఆపి వెనక్కి పంపేశారు, అది వేరే కథ.

బండ్లు లేని రోడ్డు మీద అంత హాయిగా సైకిలు తొక్కింది నేను అంతకు ముందు ఒక్కసారే. 2008లో ఆన్‌సైట్ మీద జ్యూరిక్‌లో ఉన్నప్పుడు ఒక శనివారం రైలెక్కి, కొండల్లో సొరంగాలన్నీ దాటి, సేంట్ మోరిట్జ్‌లో దిగాను. అక్కడ సైకిలు అద్దెకి తీసుకుని ఇన్ నది వెంబడి ఎంగడీన్ లోయలో కిందికి తొక్కుకుంటూ పోయాను. అది సైకిళ్ళ కోసం వేసిన రోడ్డేం కాదు. పొలాలకెళ్ళే దారి. కాకపోతే మొదట్లోనే ఎర్ర అంచు గుండ్రటి బోర్డు మీద కారు బొమ్మ, మోటారుసైకిలు బొమ్మ వేసి ఉన్నాయి. అవి రాకూడదు. పొలం పని మీద ట్రాక్టరు రావచ్చు. అలాగే ఒకటి ఎదురొచ్చి, నాకు దారిచ్చి పక్కకి ఆగింది. ట్రాక్టరువాడు సైకిలుకి దారివ్వడం పల్నాడు వాడికి ఎంత వింతో వేరే చెప్పాలా!

డబ్బున్న దేశం, చక్కటి రోడ్లేసుకున్నారులే అనుకుని అప్పట్లో ఊరుకున్నాను. అసలు కథ తర్వాతెప్పుడో చదివాను.

ఎంగడీన్ ఉన్న రాష్ట్రం పేరు గ్రౌబుండెన్. ఆ రాష్ట్ర ప్రభుత్వం 1900 ఆగస్టు 17న తన రోడ్లన్నిటి మీదా కార్లని నిషేధించింది. ఏదో ఒక వీధిలోనో ఒక ఆదివారమో కాదు, రాష్ట్రమంతటా! సన్నటి కొండదారులు. కార్ల చప్పుడుకి గుర్రాలు బెదురుతున్నాయి, దుమ్ము లేస్తోంది, రోడ్లు పాడవుతున్నాయి. ఆ రోడ్లు వేయించి బాగుచేయించే ఖర్చు స్థానికులది, కార్లేమో బయటి నుంచి వచ్చే షోకిలా బాబులవి. మా డబ్బుతో వేసుకున్న రోడ్డు మీద మీ దుమ్మేంటన్నారు. కారులో వచ్చినవాళ్ళు సరిహద్దులో ఇంజను ఆపేసి, ముందు గుర్రాలు కట్టించి లాగించుకునేవారట. వచ్చేవాళ్ళకి దారి లేకనా అంటే, 1904 కల్లా సేంట్ మోరిట్జ్‌కి రైలు ఉంది.

ఈ నిషేధం పాతికేళ్ళు నడిచింది. ఆ పాతికేళ్ళలో దాని మీద పదిసార్లు ఓటింగు పెట్టారు. కార్లని రానిద్దామన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ ఓడిపోయి, చివరికి 1925 జూన్ 21న జరిగిన పదో ఓటింగులో కొద్ది తేడాతో గెలిచారు.

అలాగని వాళ్ళని ఆకాశానికెత్తేయక్కర్లేదు. ఆ పది ఓట్లూ మగాళ్ళవే. దేశస్థాయిలో స్విస్ ఆడవాళ్ళకి ఓటు హక్కు వచ్చింది 1971లో. సైకిలంటే పుట్టుకతోనే ప్రేమ ఉన్న జనమూ కాదు. 1956లో సూయజ్ గొడవప్పుడు నాలుగు ఆదివారాలూ, 1973 చివర్లో చమురు కరువొచ్చినప్పుడు మూడు ఆదివారాలూ దేశమంతా కార్లు బంద్ చేశారు. హైవేల మీద పిల్లలు స్కేటింగ్ చేశారు, జనం సైకిళ్ళేసుకుని తిరిగారు. బాగుంది కదా, ఏడాదికి పన్నెండు ఆదివారాలు ఇలాగే చేద్దామా అని 1978లో అడిగితే వద్దన్నారు. పోనీ నాలుగు చేద్దామా అని 2003లో అడిగితే అదీ వద్దన్నారు. 2018లో సైకిలు దారుల మాట రాజ్యాంగంలో చేర్చడానికి మాత్రం 73 శాతం పైగా సరేనన్నారు. 2023 నుంచి దానికి చట్టం అమల్లో ఉంది. వద్దన్నా కావాలన్నా, ప్రతిసారీ వాళ్ళని అడిగారు. ఈర్ష్య పడాలంటే నేను దీనికే పడతాను. ఆల్ప్స్ కొండలు ఎటూ మనకి రావు.

మరి మనల్ని ఎవరైనా అడిగారా?

మా మేనమామ ఊరు ఇందాకటి హైవేని ఆనుకునే ఉంటుంది. ఆయన దగ్గర ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది, దాన్నిండా సైకిలు బిళ్ళలు. ఈ తరం వాళ్ళకి తెలియకపోవచ్చు, ఒకప్పుడు మన దగ్గర సైకిలుకి పన్ను ఉండేది. పంచాయితీకో మునిసిపాలిటీకో ఏడాదికింతని కడితే రేకు బిళ్ళ ఇచ్చేవాళ్ళు, అది సైకిలుకి తగిలించుకోవాలి. బిళ్ళ లేకుండా దొరికితే చక్రాల్లో గాలి తీసేయడం, సైకిలు పట్టుకుపోవడం. రాత్రిపూట దీపం లేకపోతే తప్పు, ఇద్దరెక్కితే తప్పు. అంటే గ్రౌబుండెన్ రైతులాగే మా మావయ్య కూడా రోడ్డుకి తన వాటా డబ్బు కట్టాడు. కట్టినట్టు సాక్ష్యం డబ్బాలో పెట్టుకున్నాడు కూడా.

ఆయన ఇల్లు రోడ్డుకి ఇటు, పొలం అటు. నలభై ఏళ్ళు సైకిలు మీదే వెళ్ళొచ్చాడు. రోడ్డు రెండు వరసలుగా ఉన్నన్నాళ్ళు ఇబ్బంది లేదు, ఒక్క తొక్కులో దాటేసేవాడు. నాలుగు వరసలయ్యాక మధ్యలో డివైడరు వచ్చింది. దానికి సందు ఎక్కడో కిలోమీటరు పైన. అక్కడిదాకా పోయి తిరిగి రావాలి, లేదా రాంగ్ రూట్లో లారీలకి ఎదురు తొక్కాలి. అందరిలాగే ఆయనా రాంగ్ రూటే పట్టాడు. ఒక సాయంత్రం లారీ గాలికి సైకిలుతో సహా పక్క గోతిలో పడ్డాడు. కాలర్ బోను విరిగింది. అంతటితో సైకిలు మానేశాడు, మరుసటేడు పొలం కౌలుకిచ్చేశాడు.

రోడ్డు వెడల్పు చెయ్యడం తప్పనను. నేను ఊరికొచ్చేదీ దాని మీదే, మూడుగంటలు కలిసొచ్చింది నాకే. టోల్‌గేటు దగ్గర కారుకింత, లారీకింత అని బోర్డు మీద లెక్క రాసుంటుంది. సైకిలుకి పైసా లేదు. పైసా కట్టనివాణ్ణి ఎవరు లెక్కలో వేసుకుంటారు? పన్ను తీసేసినప్పుడు మాట కూడా తీసేసినట్టయ్యింది.

ఇప్పుడు మన ఐటీ ప్రజల సంగతి. హైదరాబాదులో ఈ ప్రయత్నాలు చాలానే జరిగాయి, అన్నీ ఎక్కువగా మన ఆఫీసుల చుట్టే. కొలంబియా రాజధాని బొగోటాలో 1974లో మొదలుపెట్టి, ఇప్పటికీ ప్రతి ఆదివారం వంద కిలోమీటర్లకి పైగా రోడ్లు కార్లకి మూసేస్తారు. ఆ స్ఫూర్తితో 2013లో గుర్గావ్‌లో రాహ్‌గిరి అని పెట్టారు. 2015లో అది హైటెక్ సిటీకొచ్చింది. అదే ఏడు గురువారాలు కార్లు మానండని ఉద్యోగులకి పిలుపిచ్చారు. మొదటి గురువారం నేనూ బస్సెక్కాను. నాలుగో గురువారం ఏం చేశానో అడగొద్దు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద బండ్లు ఆపారు, జనం విరగబడి వచ్చారు.

ఆ తర్వాత 2023 అక్టోబరు 1న ఔటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు మొదలైంది. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సోలార్ పలకల కప్పు. కొరియాలో దేజాన్-సేజోంగ్ మధ్య హైవే నడిమధ్య ఇలాంటిదొకటుంది, దాన్ని చూసి చేశారు. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. ఎండ తగలదు, బండ్ల భయం లేదు. నేనూ వెళ్తాను. ఎలా వెళ్తానంటే, సైకిలుని కారు వెనక కట్టుకుని, నానక్‌రామ్‌గూడ దాకా డ్రైవ్ చేసుకుని! కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రోజూ పాలు తేవడానికి సైకిలు మీదే పోతాడు, ఆయనకి ఆ ట్రాకుతో పనిలేదు. తెల్లవారుజామున కొవ్వు కరిగించుకునేవాడికి 23 కిలోమీటర్లు, బతుకుతెరువుకి తొక్కేవాడికి లారీ పక్కన అరడుగు. ఇందులో నేను మొదటి రకం, అందుకే కొంచెం సిగ్గుగా ఉంటుంది.

మళ్ళీ మా ఊరి వైపు వస్తాను. లాక్‌డౌన్లో నేను ఎక్కువగా తొక్కింది హైవే మీద కాదు, ఎన్నెస్పీ కాలువ కట్టల మీద. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళొదిలారు. కుడికాలువ ఒక్కటే 203 కిలోమీటర్లు. దాని మేజర్లూ మైనర్లూ పల్నాడంతా అల్లుకునున్నాయి. కట్ట మీద దారి డిపార్టుమెంటు జీపు కోసం ఉంచారు. జీపు ఎప్పుడో గానీ రాదు. దాంతో ఎవరూ అడక్కుండానే, ఎవరూ ఇవ్వకుండానే అది సైకిళ్ళ దారయ్యింది. లస్కర్లు, పత్తి చేలకి పోయే కూలీలు, బడికెళ్ళే ఆడపిల్లలు. నేను సైకిలు నేర్చుకున్నదీ అలాంటి కట్ట మీదే, బద్దీ కింద నుంచి కాలు దూర్చి. ఒకసారి కాలవలో పడ్డాను కూడా, అది నీళ్ళు కట్టేసిన వేసవి కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను.

ఎంగడీన్‌లో చూసిన పొలాల దారికీ దీనికీ పెద్ద తేడా లేదు, ఆ ఎర్ర అంచు బోర్డు తప్ప. కట్ట మీదకి ఏది రావచ్చో ఏది రాకూడదో ఇక్కడ ఎవరూ రాసిపెట్టలేదు. వానాకాలంలో నల్లరేగడి మడ్‌గార్డుకి పట్టేసి చక్రం తిరగదు, చీకటి పడితే లైటుండదు. అయినా జనం దాన్ని వదల్లేదు.

పోయిన సంక్రాంతికి మావయ్యని చూడ్డానికి హైవే ఎక్కకుండా, వీలైనంత వరకు కట్టల మీదుగానే సైకిలు మీద వెళ్ళాను. వాకిట్లో సైకిలు చూసి నవ్వాడు.

"యాడి నుంచి వచ్చావురా అల్లుడూ, కట్ట మీద నుంచేనా?"

"అవును మావయ్యా."

"కట్ట ఎట్టుంది?"

"అక్కడక్కడా గండ్లు పడ్డాయి. మట్టి తోలే ట్రాక్టర్లు తిరుగుతున్నాయి."

కాసేపు ఏం మాట్లాడలేదు. ఆ తర్వాత లోపలికెళ్ళి నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "చీకటి పడకముందే బయల్దేరు. ట్రాక్టరోళ్ళు పొద్దుగూకినాకే వస్తారు" అన్నాడు.