కళ్ళలోకి చూడలేని పిల్లలు, వాళ్ళ తల్లులు: ఒక వందేళ్ళ కథ

"ఏదీ, నా కళ్ళలోకి చూసి చెప్పు." మన ఇళ్ళలో ఈ మాట వినకుండా పెరిగిన పిల్లలు ఉండరేమో. డబ్బాలో సున్నుండలు తగ్గినా, ప్రోగ్రెస్ కార్డు కనిపించకపోయినా అమ్మ మొదట పెట్టే పరీక్ష అదే. అదే అమ్మ, తాతగారు కోప్పడుతున్నప్పుడు మనం తలెత్తామంటే "పెద్దవాళ్ళ ముందు ఆ చూపేమిటే, తల దించు" అనేది. పెళ్ళిచూపుల్లో తల ఎత్తితే ఒక మాట, ఎత్తకపోతే ఇంకో మాట. ఎవరి కళ్ళలోకి, ఎప్పుడు, ఎంతసేపు చూడాలో మనకెవరూ పలక మీద రాసి దిద్దించలేదు. అయినా వచ్చేసింది. అలా దానంతటది రాని వాళ్ళు కొందరుంటారు. వాళ్ళ గురించి ఈ వందేళ్ళలో పెద్ద పెద్ద డాక్టర్లు ఏమనుకున్నారో, ఎన్నిసార్లు మాట మార్చుకున్నారో ఈసారి చెప్పాలనుంది.

నాకు ఈ గొడవ ఎందుకంటే, మా ఆడపడుచు కొడుక్కి ఆటిజం. పదకొండేళ్ళవాడు. నాతో మాట్లాడేటప్పుడు నా భుజం పక్కనున్న గోడని చూస్తూ మాట్లాడతాడు. కానీ చెప్పిన మాట ఒక్కటి కూడా జారవిడవడు. పోయిన ఏడాది వాడి బళ్ళో ఒక టీచరు "పిల్లాడికి ఐ కాంటాక్ట్ లేదండీ, ఇంట్లో తల్లి దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడదేమో" అన్నారట. ఆ సాయంత్రం తను ఫోన్ చేసి "వదినా, నేను వీణ్ణి ఎత్తుకోలేదా, ముద్దు చెయ్యలేదా?" అని ఒకటే ఏడుపు. ఆ టీచరు ఆ మాట సొంతంగా పుట్టించింది కాదు. దానికి పెద్ద చరిత్రే ఉంది.

ఈ పిల్లల్ని మొదట శ్రద్ధగా చూసి రాసిన వాళ్ళలో ఒకావిడ ఉన్నారు. పేరు గ్రున్యా సుఖరేవా, మాస్కోలో డాక్టరు. 1925లో ఆరుగురు మగపిల్లల గురించి రాశారు. ఒంటరిగా ఉండటం ఇష్టపడతారని, ముఖంలో భావాలు పెద్దగా పలకవని, కొందరికి సంగీతంలాంటి వాటిలో మంచి ప్రతిభ ఉందని ఎంతో ఓపికగా వివరించారు. ఆవిడ వ్యాసం ఇంగ్లీషులోకి వచ్చింది 1996లో! డెబ్భై ఏళ్ళు ఆవిడ పని చాలామందికి తెలియనే లేదు. ఆడవాళ్ళ పనికి అలా జరగడం మనకేమీ కొత్త కాదనుకోండి.

అందరికీ తెలిసిన పేరు లియో కానర్. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో పిల్లల మానసిక వైద్యుడు. 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం ఒక ప్రత్యేకమైన స్థితిగా వైద్యంలోకి వచ్చింది. వాళ్ళు మనుషుల ముఖాల వైపు చూడరని, గదిలో మనిషి ఉన్నా కుర్చీ ఉన్నా ఒకటే అన్నట్టు ఉంటారని ఆయన గమనించారు. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ కూడా తన పిల్లల చూపు ఎదుటివాళ్ళ చూపుతో కలవదని రాశాడు. ఈయన నాజీల కాలంలో కొందరు పిల్లల్ని, పిల్లల్ని చంపే సంస్థకి పంపించాడని ఈమధ్య పాత రికార్డుల్లో బయటపడింది. చరిత్ర చదువుతుంటే ఇలాంటివీ చదవాల్సి వస్తుంది.

కానర్ ఇది పుట్టుకతో వచ్చేదేనని ఆ వ్యాసంలో రాశారు. అదే వ్యాసంలో ఆ పిల్లల తల్లిదండ్రులు బాగా చదువుకున్నవాళ్ళని, వాళ్ళలో నిజంగా ఆప్యాయత ఉన్నవాళ్ళు బహు తక్కువనీ రాశారు. మొదటి మాట గాలికి పోయింది, రెండో మాట నిలబడింది. తర్వాత ఇరవై ఏళ్ళకి పైగా అమెరికాలో ఈ పిల్లల తల్లులకి ఒక పేరు స్థిరపడిపోయింది: రిఫ్రిజిరేటర్ తల్లులు. తల్లి చల్లగా, ప్రేమ లేకుండా ఉండబట్టే బిడ్డ ముఖం తిప్పుకున్నాడని అర్థం. బిడ్డ చూపు కలపకపోతే నేరం అమ్మది!

1967లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి బ్రూనో బెట్టల్‌హైమ్ రాసిన "ది ఎంప్టీ ఫోర్ట్రెస్". షికాగోలో పిల్లల సంస్థ నడిపిన పెద్దమనిషి. తల్లిదండ్రులకి దూరంగా ఉంచితేనే పిల్లలు బాగుపడతారన్నది ఆయన వాదం. రెండోది క్లారా క్లైబోర్న్ పార్క్ అనే తల్లి రాసిన "ది సీజ్". నలుగురు పిల్లల తల్లి, చివరి అమ్మాయికి ఆటిజం. ఆ అమ్మాయి దగ్గరికి చేరడానికి ఇంట్లో రోజూ నేలమీద కూర్చుని ఏమేం చేసిందో ఆవిడ రాసింది. ఒకే ఏడాది, ఒకే విషయం మీద, ఒకాయన తల్లే కారణమని తీర్పు చెప్పాడు, ఒక తల్లి తను చేసిన పని చూపించింది. అప్పట్లో పేరు వచ్చింది ఆయనకే. ఇవాళ ఆయన సిద్ధాంతాన్ని డాక్టర్లు ఒప్పుకోరు, ఆవిడ పుస్తకం మాత్రం చదువుతున్నారు.

అంతకు ముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు ఇది పెంపకం వల్ల కాదు, మెదడు నిర్మాణానికి సంబంధించిందని పుస్తకం రాశారు. ఆయన కొడుక్కీ ఆటిజమే. చివరికి 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో నిలబడి మీమీద నేరం లేదని ప్రకటించారు. మా ఆడపడుచుకి నేను మొదట చదివి వినిపించింది ఈ సంగతే. "యాభై ఏళ్ళ కిందటే కొట్టేసిన కేసు నామీద మళ్ళీ పెట్టారా వదినా!" అంది. ఆ ఫోన్ తర్వాత మొదటిసారి నవ్వింది.

తల్లిని వదిలేశారు సరే, పిల్లల్ని వదల్లేదు. 1960ల్లో కాలిఫోర్నియాలో ఈవార్ లోవాస్ అనే ఆయన శిక్షణ పద్ధతి మొదలుపెట్టారు. అందులో తొలి పాఠాల్లో ఒకటి "నావైపు చూడు". చూస్తే ఒక తినుబండారం ముక్క నోట్లో పెడతారు. ఆయన తొలిరోజుల్లో గట్టిగా అరవడం, చెంప మీద కొట్టడం, కరెంటు షాకులు కూడా వాడారు. 1965లో లైఫ్ పత్రిక ఫోటోలతో సహా వేసింది. ఆ దెబ్బలు తర్వాత పోయాయి గానీ, ముందు చూపు కలిపితేనే పాఠం అన్న ఆలోచన మాత్రం దేశాలు దాటి మన వీధి చివరి థెరపీ సెంటర్ల దాకా వచ్చింది. చూడటం నేర్పితే ఎదుటివాళ్ళ మనసు తెలుస్తుందని నమ్మకం. నిజంగా తెలుస్తుందా?

దీన్ని కొలవాలని చూసినాయన ఇంగ్లండులో సైమన్ బారన్-కోహెన్. 1985లో ఆయన, ఇంకో ఇద్దరు కలిసి బొమ్మలతో ఒక ఆట ఆడించారు. శాలీ బుట్టలో గోళీ పెట్టి బయటికి వెళ్తుంది. ఆన్ దాన్ని తీసి పెట్టెలో దాస్తుంది. తిరిగొచ్చిన శాలీ ఎక్కడ వెతుకుతుంది? ఆటిజం ఉన్న ఇరవై మంది పిల్లల్లో పదహారు మంది పెట్టెలోనే అన్నారు. అంటే తమకు తెలిసింది శాలీకి తెలియదన్న సంగతి వాళ్ళు పట్టుకోలేదని లెక్క. 1997లో ఆయన పెద్దవాళ్ళ కోసం కళ్ళ పరీక్ష తయారు చేశారు, 2001లో దాన్ని సవరించారు. పత్రికల్లోంచి తీసిన ముఖాల ఫోటోలు, అందులో కళ్ళ పట్టీ మాత్రమే కత్తిరించి చూపిస్తారు. చుట్టూ నాలుగు మాటలు. ఆ కళ్ళలో ఉన్నది ఏ భావమో చెప్పాలి.

మొత్తం 36 ఫోటోలు. ఆ అంకె చూడగానే నాకు డిగ్రీ రోజులు గుర్తొచ్చాయి. భరతుడి నాట్యశాస్త్రంలో దృష్టి భేదాలు కూడా 36! రసదృష్టులు ఎనిమిది, స్థాయిభావ దృష్టులు ఎనిమిది, సంచారి దృష్టులు ఇరవై. శంకిత, లజ్జిత, శ్రాంత అని ఒక్కో చూపుకీ ఒక్కో పేరు, రెప్ప ఎంత వాలాలో, కనుపాప ఎటు తిరగాలో లక్షణం. రెండూ కలవడం కాకతాళీయమే. కానీ తేడా చూడండి. నాట్యంలో ఆ చూపు ఒంటరిగా రాదు. కనుబొమలు, పెదవులు, చేతులు, పాట, కథ అన్నీ కలిసి వస్తాయి. నర్తకి దాన్ని గురువు దగ్గర ఏళ్ళ తరబడి సాధన చేస్తుంది, చూసేవాళ్ళకి కథ ముందే తెలుసు. చూపుని చదవడం ఎంత కష్టమో మన పూర్వులకి తెలుసు కాబట్టే అన్ని ఆసరాలు పెట్టారు. పరీక్షలో ఆ ఆసరాలన్నీ కత్తిరించి పారేసి, మిగిలిన రెండు కళ్ళని చదవమన్నారు.

ఫలితం ఏమొచ్చిందంటే, 2001లో ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకి సగటున 36కి 22 దాకా వచ్చాయి, మామూలు జనానికి 26 వచ్చాయి. తేడా ఉంది, కాదనను. కానీ మామూలు వాళ్ళకీ పది తప్పుతున్నాయి. పైగా సరైన జవాబు ఏదన్నది ఆ ఫోటోలో ఉన్న మనిషిని అడిగి రాసింది కాదు. పరీక్ష తయారు చేసినవాళ్ళు అనుకుని, నలుగురు ఒప్పుకుంటే అదే జవాబు. పదిమందీ అనుకున్నదే నిజమని తేల్చడం మన వీధి అరుగుల మీద కూడా చూశాం కదా.

ఆ పరీక్షలు చెప్పని సంగతి ఒకటుంది: చూడటం వాళ్ళకి ఎలా ఉంటుందో. 2005లో విస్కాన్సిన్‌లో చేసిన మెదడు స్కానింగుల్లో, ఆటిజం ఉన్నవాళ్ళు ఎదుటి ముఖంలోని కళ్ళని ఎంతసేపు చూస్తే, భయాన్నీ ఉద్వేగాన్నీ పసిగట్టే అమిగ్డలా అన్న భాగం అంత ఎక్కువగా స్పందించింది. 2017లో కెనడా పరిశోధకులు ఆటిజం ఉన్నవాళ్ళు స్వయంగా రాసుకున్న అనుభవాలు కూర్చి చూశారు. కళ్ళలోకి చూస్తే శరీరం తట్టుకోలేదని, ఎవరో లోపలికి చొరబడినట్టుంటుందని, చూస్తూ వినడం రెండూ ఒకేసారి కుదరవని వాళ్ళ మాటలు. ఇది చదివాక మావాణ్ణి మెల్లగా అడిగాను. గోడవైపే చూస్తూ, "కళ్ళు చూస్తే కళ్ళే ఉంటాయి అత్తయ్యా, మాట వినపడదు" అన్నాడు. కెనడా దాకా వెళ్ళక్కర్లేకపోయింది.

టెంపుల్ గ్రాండిన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆటిజం ఉన్న శాస్త్రవేత్త, పశువుల మనసు తెలిసిన మనిషి. మనుషులు కళ్ళతో సంకేతాలు ఇచ్చుకుంటారన్న సంగతే తనకు బారన్-కోహెన్ పుస్తకం చదివేదాకా తెలియదని ఆవిడ రాసుకున్నారు. కానీ కబేళాకి నడిచే ఆవు ఏ నీడ చూసి బెదురుతోందో మాత్రం ఆవిడే కనిపెట్టారు.

అలాగని ఆటిజం ఉన్న అందరికీ భావాలు తెలియవని కాదు. 2013లో లండన్ పరిశోధకులు చూపించింది ఏమిటంటే, ముఖంలో భావం గుర్తించలేకపోవడం, తన లోపలి భావానికే పేరు పెట్టుకోలేని ఇంకో స్థితి వల్ల వస్తుందని. అది ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరికే ఉంటుంది, లేనివాళ్ళలోనూ కొందరికి ఉంటుంది. మావాడు కళ్ళు చూడడు గానీ, వంటింట్లో నేను గిన్నెలు పెట్టే చప్పుడు వింటాడు. "అత్తయ్యా, మామయ్య మీద కోపమా?" అని హాల్లోంచి అడుగుతాడు. చాలాసార్లు నిజమే. నా కళ్ళలోకి రోజూ చూసే మావారికి మాత్రం ఆ సంగతి రాత్రి దాకా తెలియదు.

2012లో డేమియన్ మిల్టన్ అన్న ఆయన, ఆయనకీ ఆటిజమే, ఒక న్యాయమైన ప్రశ్న వేశారు. మేము మిమ్మల్ని అర్థం చేసుకోలేమంటున్నారు, మరి మీరు మమ్మల్ని అర్థం చేసుకున్నారా? లోపం ఇద్దరి మధ్యా ఉందని ఆయన వాదం. 2020లో ఎడిన్‌బరోలో దాన్ని పరీక్షించారు. మనం చిన్నప్పుడు వరసగా కూర్చుని చెవిలో మాట చెప్పుకునే ఆట ఆడేవాళ్ళం చూడండి, అలాంటిదే. ఎనిమిదేసి మంది వరసలో ఒకరికొకరు కథ చెప్పుకోవాలి. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరసలో కథ, అందరూ లేనివాళ్ళయిన వరసలో ఎంత నిలిచిందో అంతే నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరసలో జారిపోయింది.

మన దగ్గరికొస్తే, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలోనే, మన దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి వాడే కొలమానం తయారైంది. నలభై అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. ఆ నలభైలో మొట్టమొదటిది కళ్ళు కలపకపోవడమే. పిల్లాణ్ణి త్వరగా గుర్తించడానికి అది పనికొస్తుంది, ఆ కాగితం లేకపోతే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రావాల్సినవి రావు. కాబట్టి ఆ గుర్తుని నేను తీసిపారేయను. గుర్తు పట్టడానికి వాడే లక్షణాన్ని తీసుకొచ్చి, సరిచెయ్యాల్సిన తప్పుగా మార్చడం దగ్గరే నా పేచీ.

మా ఆడపడుచు ఇప్పుడు చేసింది చిన్న పని. థెరపీ మానిపించలేదు. అక్కడ చూపు కలిపే పాఠం ఆపి, అలిసిపోతే "నాకు చాలు" అని చెప్పడం నేర్పమని అడిగింది. బళ్ళో టీచరుగారికి ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసిచ్చింది: వాడు గోడని చూస్తున్నా వింటున్నాడు, కావాలంటే ప్రశ్న అడిగి చూడండి, గడ్డం పట్టుకుని ముఖం తిప్పకండి, మీకు కోపం వస్తే వచ్చిందని నోటితో చెప్పండి. ఆ నాలుగో వాక్యం మా ఇంట్లో కూడా అమలవుతోంది. కోపం, అలసట, సంతోషం ఏదైనా మాటల్లో చెప్పేస్తున్నాం. మావారికి కూడా ప్రాణం హాయిగా ఉందట.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి పిల్లలుంటే వాళ్ళు మిమ్మల్ని దేన్ని బట్టి గుర్తుపడతారో ఒక వారం గమనించి రాయండి. గాజుల చప్పుడో, నడకో, గొంతో. వాళ్ళమ్మ కనిపిస్తే ఒక మంచి మాట చెప్పండి, ఆవిడకి అది చాలా రోజులుగా బాకీ.