చావుల ఖాతాలో తరుగు

రక్షణ శాఖ లెక్కల విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను, బి.కాం. వాణ్ణి. మహమ్మారిలో ఎంతమంది చనిపోయారో లెక్క కట్టడానికి మాత్రం ఆ బి.కాం. బాగానే పనికొస్తుందని నా అభిప్రాయం.

డిపోలో స్టాకు తనిఖీకి వెళ్ళినప్పుడు, "పోయిన సరుకు జాబితా ఇదిగో" అని స్టోర్‌కీపర్ ఇచ్చిన కాగితం మీద మేం సంతకం పెట్టేవాళ్ళం కాదు. ప్రారంభ నిల్వ ఎంత? వచ్చింది ఎంత? ఇచ్చింది ఎంత? ఆ లెక్కన ఉండాల్సింది ఎంత, గోదాములో ఉన్నది ఎంత? ఈ తేడాయే తరుగు. ఎలకలు తిన్నాయా, దొంగలు ఎత్తుకెళ్ళారా అన్నది తర్వాతి విచారణ.

'అదనపు మరణాలు' అంటే ఇదే. మామూలు రోజుల్లో ఇన్ని చావులు ఉంటాయి, ఈ ఏడు ఇన్ని జరిగాయి, తేడా ఇంత. లండన్లో 1847 ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు విలియం ఫార్ ఈ పద్ధతే వాడాడు. రిజిస్టర్లలో ఇన్‌ఫ్లుయెంజా అని రాసిన చావులు కొన్నే. కానీ మొత్తం చావులను మామూలు సంవత్సరాలతో పోల్చి చూస్తే 5 వేలకు పైగా ఎక్కువ తేలాయి. మిగిలినవన్నీ ఊపిరితిత్తుల జబ్బులు వగైరా పేర్లతో నమోదయ్యాయి.

మన దేశానికి వద్దాం. 1918 జూన్‌లో బొంబాయిలో మొదలైన ఫ్లూ ఆ ఏడు చివరి నెలల్లో దేశాన్ని ఊడ్చేసింది. పల్లెల్లో చావు నమోదు చేసేది వైద్యం తెలియని గ్రామోద్యోగి. ఆయనకు తెలిసిన కారణం ఒక్కటే: 'జ్వరం'. అందుకే లెక్క మారుతూ పోయింది. శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ మొదట చెప్పింది 60 లక్షలు. 1921 జనాభా లెక్కల కమిషనర్ మార్టెన్ 1.2 నుంచి 1.3 కోట్లు అన్నాడు. 1951లో కింగ్‌స్లీ డేవిస్ దాదాపు 2 కోట్లు అన్నాడు. 2012లో వచ్చిన మరో అధ్యయనం 1.4 కోట్ల దగ్గర ఆగింది. ఇవన్నీ అవిభక్త భారతదేశం లెక్కలు.

నేనూ పెన్సిల్ పట్టుకుని చూశాను. ఇప్పటి భారత భూభాగంలో 1901 నుంచి 1911 వరకు జనాభా 1.37 కోట్లు పెరిగింది. అదే పెరుగుదల ఉంటే 1911 నాటి 25.21 కోట్లు 1921కి 26.58 కోట్లు కావాలి. ఉన్నది 25.13 కోట్లు. తరుగు 1.45 కోట్లు! మొత్తం ఫ్లూ ఖాతాలో వేయకూడదు సుమా. ప్లేగు ఉంది, 1918 కరువు ఉంది, పుట్టకుండా పోయిన పిల్లలూ ఉన్నారు. మన నిజాం రాజ్యంలో కూడా ఆ పదేళ్ళలో జనాభా 1.34 కోట్ల నుంచి 1.25 కోట్లకు పడిపోయింది.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2021 మే నెలలో మా బావగారు పోయారు. దగ్గు, జ్వరం, ఊపిరాడకపోవడం, చివరికి ఆక్సిజన్ కోసం పరుగులు. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితంలో 'గుండె ఆగి' అని ఉంది. ఎవరి గుండె ఆగకుండా పోతారండీ? కోవిడ్ మృతుల జాబితాలో ఆయన లేరు. మా అక్క ఆ కాగితాన్ని ఇప్పటికీ బీరువాలో దాచుకుంది.

అయితే ఆయన మరణం నమోదైంది. 2020లో దేశంలో నమోదైన మరణాలు 81.2 లక్షలు. 2021లో 102.2 లక్షలు. తేడా 21 లక్షలు. అదే 2021లో ప్రభుత్వం చెప్పిన కోవిడ్ మరణాలు సుమారు 3.3 లక్షలు. 2020, 2021 రెండేళ్ళకు కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ 47 లక్షల అదనపు మరణాలని అంచనా వేస్తే మన ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇక్కడ జాగ్రత్త కావాలి. నమోదు మెరుగుపడితే మరణాలు పెరిగినట్టు కనిపిస్తాయి. లాక్‌డౌన్‌లో రోడ్డు ప్రమాదాలు తగ్గాయి, వేరే జబ్బులవాళ్ళు వైద్యం అందక పోయారు. కాబట్టి 21 లక్షలూ వైరస్ ఖాతాలోవే అని నేను అనను. కానీ అంత తరుగు కనిపించాక "జాబితాలో ఉన్నదే పోయింది" అన్న స్టోర్‌కీపర్ మాట ఏ ఆడిటరైనా నమ్ముతాడా?

విభూతి తీసే బాబాను సాక్ష్యం అడుగుతాం. అసలు వైరసే లేదన్నవాళ్ళనూ అడిగాం. సర్కారు ముద్ర ఉన్న అంకెను కూడా అలాగే అడగాలి. మనకు నచ్చిన పెద్ద అంకెను ఇంకా గట్టిగా అడగాలి.

మా బావగారి పేరు ఏ జాబితాకూ ఎక్కలేదు. ఆ 21 లక్షల్లో మాత్రం ఆయన ఒకరు.