బెహ్‌చెట్ వ్యాధి చరిత్రలో రక్తనాళాల స్థానం

1. ఉపోద్ఘాతం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల్లోనూ, నారాయణగూడ వసతి గృహాల్లోనూ ఎందరో యువతీయువకులు పోటీ పరీక్షలకు సిద్ధమవుతుంటారు. నోరు పూస్తే ‘వేడి చేసింది’ అనుకోవడం, కాలు వాస్తే గంటల తరబడి కూర్చున్నందుకే అనుకోవడం మనకు అలవాటు. చాలాసార్లు అది నిజమే. కాని మళ్లీమళ్లీ వచ్చే నోటిపూత, కంటి వాపు, కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఒకే వ్యక్తిలో కనిపిస్తే వాటి మూలం ఒకటే కావచ్చు. అటువంటి వ్యాధుల్లో బెహ్‌చెట్ వ్యాధి ఒకటి. పట్టుదారి దేశాల్లో ఎక్కువగా, మన దేశంలో అరుదుగా కనిపించే ఈ వ్యాధి సాధారణంగా 20–40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. దీని నిర్వచనంలో రక్తనాళాలకు చోటు ఎంత ఆలస్యంగా దక్కిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. కంటికి కనిపించిన మూడు లక్షణాలు

1937లో ఇస్తాంబుల్ చర్మవైద్యుడు హులూసి బెహ్‌చెట్ నోటిపుండ్లు, జననాంగాల పుండ్లు, కంటి వాపు ఒకే వ్యాధి లక్షణాలని ప్రతిపాదించాడు. అంతకుముందే ఇటువంటి రోగిని వర్ణించిన గ్రీకు నేత్రవైద్యుడు బెనెడిక్టోస్ అడమాంటియాడిస్, 1946లో సిరల వాపును నాలుగో ప్రధాన లక్షణంగా చేర్చాడు. 1959లో హ్యూజ్, స్టోవిన్ అనే వైద్యులు ఊపిరితిత్తుల ధమనులు ఉబ్బడం, సిరల్లో రక్తం గడ్డకట్టడం కలిసి ఉన్న రోగులను వర్ణించారు. దానిని నేడు పలువురు బెహ్‌చెట్ వ్యాధి రూపంగానే భావిస్తున్నారు.

3. ప్రమాణాల్లో చోటు

అయినా 1990 నాటి అంతర్జాతీయ వర్గీకరణ ప్రమాణాల్లో రక్తనాళాల ప్రస్తావన లేదు. 2014 నాటి ప్రమాణాలు వాటికి ఒక పాయింటు ఇచ్చాయి. నోరు, కన్ను, జననాంగాలకు రెండేసి పాయింట్లు. పైకి కనిపించే పుండు బాధిస్తుంది. లోపల ఉబ్బిన ఊపిరితిత్తుల ధమని పగిలితే ప్రాణమే పోవచ్చు. పాయింట్ల లెక్క వ్యాధిని గుర్తుపట్టడానికే గాని ప్రమాదాన్ని తూచడానికి కాదు.

4. ముగింపు

ఈ చరిత్ర చికిత్సకూ సంబంధించినదే. ఇక్కడ రక్తం గడ్డకట్టడానికి ప్రధాన కారణం నాళపు గోడలోని వాపు. కాబట్టి రోగనిరోధక చర్యను అణచే మందులే చికిత్సకు మూలం. ధమని ఉబ్బును గమనించకుండా రక్తాన్ని పలుచబరిచే మందులిస్తే ప్రాణాంతక రక్తస్రావం జరగవచ్చు. నోటికొక వైద్యుడు, కంటికొకరు, కాలికొకరుగా తిరిగే రోగి మూడు చోట్లా మూడు బాధలనూ చెప్పడం అందుకే ముఖ్యం. అడమాంటియాడిస్ గమనిక అంతర్జాతీయ ప్రమాణాలకెక్కడానికి దశాబ్దాలు పట్టింది. రోగికి అంత వ్యవధి ఉండదు.