హాట్ రాడ్లలో ఫైబర్‌గ్లాస్ బాడీ

పాత కారుకు శక్తిమంతమైన ఇంజన్ అమర్చి, అనవసరమైన బరువు తీసేసి తయారుచేసుకునే వాహనాన్ని అమెరికాలో హాట్ రాడ్ అంటారు. దాని ఛాసిస్ మీద ఉక్కు రేకు బాడీకి బదులు, గాజు పీచును రెసిన్‌తో తడిపి అచ్చులో తీసిన ఫైబర్‌గ్లాస్ బాడీని బిగించే పద్ధతి 1950ల చివర్లో మొదలై 1970ల నాటికి బాగా వ్యాపించింది. పాత బాడీ దొరకనివారు కూడా హాట్ రాడ్ కట్టుకోగలిగింది దీనివల్లే. కానీ రేకు బాడీ అందించే బిగువును ఛాసిస్ నుంచి, లోపలి ఇనుప చట్రం నుంచి రాబట్టుకోవలసి వచ్చింది.

నేపథ్యం

1930లలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు మ్యూరాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సులపై కార్ల వేగాన్ని పరీక్షించుకునేవారు. ఆ పోటీల నిర్వహణకు 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. చవకగా దొరికే ఫోర్డ్ మోడల్ టి, మోడల్ ఎ కార్లు, 1932లో వచ్చిన 65 హార్స్‌పవర్ వి-8 ఫోర్డ్ వారికి ఇష్టమైనవి. కాలక్రమంలో వాటి బాడీలు తుప్పుపట్టి, తుక్కుకింద పోయి, మంచివి దొరకడం కష్టమైంది.

ఫైబర్‌గ్లాస్ రాక

పడవలు తయారుచేసే బిల్ ట్రిట్ స్థాపించిన గ్లాస్‌పార్ సంస్థ 1950ల తొలినాళ్లలో జి2 అనే స్పోర్ట్స్ కారు బాడీని రూపొందించింది. 1953లో షెవర్లే ఫైబర్‌గ్లాస్ బాడీతో కార్వెట్‌ను విడుదల చేసి, ఆ ఏడాది 300 కార్లు తయారుచేసింది. 1958లో మొదలైన ‘77 సన్‌సెట్ స్ట్రిప్’ టీవీ ధారావాహికలో నార్మ్ గ్రాబౌస్కీ కట్టిన మోడల్ టి కారు కనిపించాక ‘టి-బకెట్’ అని పిలిచే అలాంటి హాట్ రాడ్ల మోజు పెరిగింది. ఆ కారు బాడీ ఉక్కుదే అయినా, అలాంటిదే కావాలనుకున్నవారికి ఫైబర్‌గ్లాస్ నకళ్లు అందివచ్చాయి. ఎడ్ రాత్ మరో అడుగు వేసి, పాత కారును అనుకరించకుండా సొంత ఆకృతిలో 1959లో ‘అవుట్‌లా’ అనే కారును తీర్చిదిద్దాడు.

బిగింపు పద్ధతి

ఫైబర్‌గ్లాస్ బాడీని అచ్చు నుంచి తీసినప్పుడు అది ఇట్టే వంగుతుంది. అందుకే తలుపు స్తంభాల దగ్గర, నేల భాగంలో చెక్క గానీ ఇనుప గొట్టాలు గానీ పెట్టి, గాజు పీచు పొరలతో బాడీకి అతికిస్తారు. 1932 ఫోర్డ్ ఛాసిస్‌లో పక్క కమ్మీలు ఒకవైపు తెరిచి ఉంటాయి. వాటి లోపలి వైపు ఇనుప పలకలు వెల్డింగ్ చేసి పెట్టెలా మూస్తే మెలి తిరగవు. ఈ కమ్మీలు బయటికి కనిపించేవి కాబట్టి బాడీ అంచు కాస్త వంకరగా కూర్చున్నా తెలిసిపోతుంది.

బాడీకీ ఛాసిస్‌కూ మధ్య రబ్బరు ప్యాడ్లు వేసి, వెడల్పాటి వాషర్లతో బోల్టులు బిగిస్తారు. ఎక్కడైనా సందు ఉంటే పలుచని షిమ్‌లు పెడతారు. సందు ఉండగా బోల్టును బలవంతంగా బిగిస్తే బాడీ వంగి, పై పొర పగులుతుంది, తలుపుల చుట్టూ ఖాళీలు ఎగుడుదిగుడు అవుతాయి. ఇంజన్ బరువు పడ్డాక ఛాసిస్ కొద్దిగా సర్దుకుంటుంది కాబట్టి తలుపులను ఆ తర్వాతే తుదిగా సరిచూస్తారు. ఫైబర్‌గ్లాస్ గుండా విద్యుత్తు ప్రవహించదు. దాంతో ప్రతి దీపానికీ, మీటరుకూ విడిగా ఎర్త్ వైరు లాగాలి.

తరువాతి కాలం

1970లో ఇల్లినాయిస్‌లోని పియోరియాలో తొలి స్ట్రీట్ రాడ్ నేషనల్స్ జరిగింది. ఆ దశాబ్దంలో బాడీ, ఛాసిస్ కలిపి అమ్మే కిట్లు విస్తరించాయి. ఇలా కట్టిన కార్ల రిజిస్ట్రేషన్ కోసం కాలిఫోర్నియా 2001లో ప్రత్యేక చట్టం చేసి, ఏడాదికి 500 వాహనాలకు వీలు కల్పించింది. కొత్తగా అచ్చొత్తిన ఉక్కు బాడీలు కూడా మార్కెట్లోకి రావడంతో, తక్కువ ధర, తుప్పు పట్టకపోవడం కోరేవారు ఫైబర్‌గ్లాస్‌ను, అసలు రేకు అనుభూతి కావాలనేవారు ఉక్కును ఎంచుకుంటున్నారు.